పందికొక్కుకు హద్దురాళ్లు తెలియవు

వరి పొట్టకొచ్చే వేళకు గట్టు మీద నిలబడి చూస్తే పొలం నిండుగా కనబడుతుంది. కోత మిషన్ లోపలికి దిగినప్పుడు గానీ మడి నడుమ చాపంత, మంచమంత జాగాలు ఖాళీగా ఉన్న సంగతి బయటపడదు. అక్కడ మొదళ్లు ఏటవాలుగా, కత్తి పెట్టి కోసినట్టు తెగి ఉంటాయి. ‘ఎలుకలు కొట్టినయి’ అనుకుని ముందుకు పోతాం. పురుగు పడితే మందు ఖర్చు పుస్తకంలో రాసుకుంటాం. వడగండ్లు పడితే అధికారులను పిలిచి చూపిస్తాం. ఎలుక నష్టం మాత్రం మనమూ ఎవరికీ చెప్పం, మనల్ని ఎవరూ అడగరు.

ఈ నెల ఈ పేజీలో చెప్పదలచుకున్నది ఒక్కటే. పందికొక్కు నష్టం ఏ ఒక్క రైతు దురదృష్టమో కాదు, ఊరంతా ఒకే రోజున కదిలితే తప్ప తగ్గని నష్టం. కొల్లూరు, పటాన్‌చెరు, సంగారెడ్డి వైపైతే పొలం దున్నేవాళ్లతో పాటు పొలం కొని పడావు పెట్టినవాళ్లు కూడా అందులో కదలాల్సిందే. ఎవరి మీదో కోపంతో అంటున్న మాట కాదిది. ఆ జంతువు బతికే తీరు తెలిస్తే ఎవరైనా ఇదే మాట అంటారు.

ఎంత పోతున్నది?

ఆసియా దేశాల్లో వరి కోతకు రాకముందే ఎలుకల పాలయ్యే పంట మలేసియాలో 5 శాతం, ఇండోనేసియాలో 17 శాతం దాకా ఉంటుందని ఎలుకల మీద దశాబ్దాలు పనిచేసిన శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. మనం అన్నిటికన్నా తక్కువ లెక్కే తీసుకుందాం. ఎకరాకు 25 క్వింటాళ్లు పండే పొలంలో 5 శాతమంటే 125 కిలోలు. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఎకరాకు దాదాపు 3 వేల రూపాయలు. మూడెకరాలు కౌలుకు చేసే రైతుకు పంటకు 9 వేలు, రెండు పంటలకు 18 వేలు.

కౌలు ముందే మాట్లాడుకున్నది. అందులో నుంచి పందికొక్కు ఒక్క గింజ కూడా తినదు. తిన్నదంతా రైతుకు మిగలాల్సిన నాలుగు బస్తాల్లో నుంచే పోతుంది. అందుకే ఇది చిన్న సంగతి కాదు. పెట్టుబడి, కౌలు, కూలీ, కోత ఖర్చు పోను మిగిలేదే అంతంత మాత్రమైనప్పుడు ఆ 3 వేలే లాభనష్టాలను తేల్చుతాయి.

పేరు మనదే, గుణం మాత్రం మనకు తెలియదు

ఒక ముచ్చట చాలామందికి తెలియదు. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే మాట మన తెలుగు ‘పందికొక్కు’ నుంచి పోయిందే. పంది, కొక్కు కలిసి పుట్టిన పేరు తెల్లవాళ్ల నోట్లో పడి ఆ రూపం తీసుకుంది. తర్వాత వాళ్లు ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ కనబడ్డ వేరే సంచి జంతువుకు కూడా అదే పేరు తగిలించారు. శాస్త్రవేత్తలు ఈ ఎలుకల జాతికి పెట్టిన ‘బాండికోటా’ అనే పేరూ మన మాటే. ఇళ్ల పక్క, గోదాముల దగ్గర తిరిగే పెద్దది ఒక రకం. పొలం గట్లను తొలిచేది చిన్న పందికొక్కు. దాని బరువు 200 నుంచి 400 గ్రాములు. మన వరికి అసలు శత్రువు ఈ చిన్నదే.

ఎలుక, ఉడుత, పందికొక్కు, విదేశాల్లో ఉండే బీవర్ అన్నీ ఒకే వర్గం. బీవర్‌ను టీవీలో చూసి ఉంటారు. ఐరోపా, ఉత్తర అమెరికా వాగుల్లో బతికే 15 నుంచి 30 కిలోల జంతువు. చెట్లను పళ్లతో కొరికి పడగొట్టి, కొమ్మలు, బురద కలిపి వాగుకు అడ్డంగా కట్ట కట్టి చెరువు చేసుకుంటుంది. దానికీ మన పందికొక్కుకూ పనిముట్టు ఒకటే, ముందరి పళ్లు. ఆ పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందు పక్క గట్టి పొర, వెనక పక్క మెత్తన. కొరికిన కొద్దీ వెనక పక్క అరిగి, ముందు అంచు ఉలిలాగా పదునెక్కుతుంది. అందుకే పందికొక్కు ఆకలి లేకపోయినా కొరుకుతుంది. వరి పిలకలు తినడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ తెగి పడి ఉండటం మనం చూస్తున్నదే.

పనిముట్టు ఒకటే అయినా పని వేరు. బీవర్ కట్ట కడుతుంది, పందికొక్కు గట్టు తొలుస్తుంది. బీవర్ కుటుంబంలో ఆడ, మగ, ఈ ఏటి పిల్లలు, నిరుటి పిల్లలు అందరూ ఒకే కట్ట మీద బతుకుతారు. పందికొక్కు ఒంటరిది. పిల్లల తల్లి తప్ప సాధారణంగా ఒక కలుగులో ఒక్కటే ఉంటుంది. అంటే గట్టు మీద పది కలుగులు కనబడితే పది కుటుంబాలని కాదు. ఒక్కో కలుగుకు నాలుగైదు నోళ్లు ఉంటాయి కాబట్టి పది నోళ్లు రెండు మూడు పందికొక్కులవే కావచ్చు. తాజా మన్ను కుప్పగా పోసి, లోపలి నుంచి మూసిన నోరు ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టు. తెరిచి ఉండి సాలెగూడు అల్లుకుంటే ఖాళీది. సాయంత్రం నోళ్లన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవే లెక్కపెడితే నిజమైన సంఖ్య తెలుస్తుంది. మందు పెట్టడానికైనా, తవ్వడానికైనా ఈ లెక్కే మొదటి మెట్టు.

కలుగు లోపల గది వేరు, గాదె వేరు. గింజ ముదిరే వేళకు కంకులను కొరికి లోపలికి లాక్కుపోయి దాచుకుంటుంది. ఒక్కో కలుగులో కిలోల లెక్కన వడ్లు దొరుకుతాయి. కోతలయ్యాక పేదలు గట్లు తవ్వి ఆ వడ్లు ఏరుకుని తిన్న కాలం మన పెద్దలకు తెలుసు.

దీనికి ఈతే పెద్ద బలం. గర్భం మూడు వారాల పైచిలుకు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు, ఒక్కోసారి పది దాటుతాయి. ఈనిన వెంటనే మళ్లీ చూలు నిలుస్తుంది. పిల్లలు మూడు నెలల్లో ఈతకొస్తాయి. అయితే ఏడాదంతా ఒకే తీరుగా ఈనవు. వరి పొట్టకొచ్చి గింజ పోసుకునే రోజుల్లోనే ఈతలు ఎక్కువ. పొలంలో బలమైన తిండి ఎన్ని రోజులుంటే అన్ని రోజులు సంతానం పెరుగుతుంది. మన పోరాటానికి కీలకం ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ఇంకో గుణం కూడా గుర్తుంచుకోవాలి. ఇది గట్టు పక్క వరసలు వదిలి మడి నడుమకు పోయి కొరుకుతుంది. కొంగ, గద్ద, కుక్క కంటికి కనబడకుండా ఉండటానికి నడిమి జాగా దానికి భద్రం. మనం గట్టు మీద నడిచి పొలం బాగుందనుకోవడానికి కారణం ఇదే. పిలక దశలో కొరికితే వరి మళ్లీ పిలక వేసి కొంత కోలుకుంటుంది. పొట్ట దశలో కొరికితే ఆ కంకి పోయినట్టే.

ఇప్పుడెందుకు పెరిగినయి?

‘ఎలుకలు తాతల నాటి నుంచీ ఉన్నవే కదా’ అంటారు. ఉన్నాయి. కానీ తాతల నాటి వ్యవసాయం ఇప్పుడు లేదు. చెరువు కింద సాగు చేసినప్పుడు నీరటి తూము తీస్తే ఆయకట్టు అంతా ఒక్కసారే తడిసేది. నాట్లు పదిహేను రోజుల్లో అయిపోయేవి, కోతలూ పదిహేను రోజుల్లో అయిపోయేవి. పందికొక్కుకు బలమైన తిండి దొరికేది ఒక నెలే. ఒక ఈత, మహా అయితే రెండు ఈతలు. తర్వాత పొలమంతా బోడిగా అయ్యేసరికి చాలావరకు ఆకలికి చచ్చేవి, మిగిలినవి గద్దలకు, పాములకు దొరికేవి.

ఇప్పుడు ఎవరి బోరు వాళ్లది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అది రైతుకు మేలే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఒకరు జూన్‌లో నాటితే పక్కవాళ్లు ఆగస్టులో నాటుతున్నారు. ఒక మడి కోతకొచ్చేసరికి పక్క మడి పొట్టకొస్తున్నది. పందికొక్కుకు ఒక పొలంలో తిండి అయిపోతే గట్టు దాటితే ఇంకో పొలంలో సిద్ధం. నెల రోజుల పండుగ మూడు నెలలకు సాగింది. మొదటి ఈత పిల్లలే అదే సీజన్లో ఈనుతున్నాయి. ఆరు ఆరు కలిసి పన్నెండు అయ్యే లెక్క కాదు ఇది, ఆరు ఆర్ల ముప్పైఆరు అయ్యే లెక్క.

రెండో కారణం మన ప్రాంతానిది. కొల్లూరును చూడండి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2023 జూన్‌లో 15,660 ఇళ్ల డబుల్ బెడ్‌రూం కాలనీ ప్రారంభమైంది. చుట్టూ అపార్టుమెంట్లు, విల్లాలు, వెంచర్లు. వాటి నడుమ ఇంకా వరి, కూరగాయలు పండించే రైతులు ఉన్నారు. భూమి ధర పెరుగుతుందని కొని, ప్రహరీ కట్టి, గేటుకు తాళం వేసి వదిలేసిన జాగాలు ఆ పొలాలకు ఆనుకునే ఉన్నాయి. లోపల నిలువెత్తు గడ్డి, తుమ్మ, సర్కారు కంప. దున్నేవాడు లేడు, నీళ్లు నిలిచేది లేదు, గట్టు చెక్కేది లేదు. పందికొక్కుకు ఇంతకన్నా మంచి పుట్టిల్లు ఉండదు. పొలంలో మనం ఎన్ని చంపినా పడావు జాగాల నుంచి కొత్తవి వచ్చి ఖాళీ కలుగుల్లో దిగుతాయి. ఖాళీ కలుగు అంటే దానికి కట్టిన ఇల్లు దొరికినట్టే.

మూడో కారణం మన చేతిలోనిదే. జెర్రిపోతు కనబడితే కొట్టి చంపుతున్నాం. అది విషం లేని పాము, దాని ప్రధాన ఆహారం ఎలుకలే. కలుగు లోపలికి దూరి పిల్లలను సైతం తినగలిగిన వేటగాడు అది. గుడ్లగూబ కూస్తే అశుభమని తరిమేస్తున్నాం. మలేసియాలో పామాయిల్ తోటల యజమానులు గుడ్లగూబల కోసం చెక్క పెట్టెలు కట్టించి పెంచుతున్నారు. మనం రాళ్లు విసురుతున్నాం. ముంగిస, నక్క, పిల్లి తగ్గుతున్న కొద్దీ వాటి పని మన మీద పడుతున్నది.

ఒక్కడి మందు ఎందుకు పనిచేయదు?

ఎలుక నష్టం కనబడగానే మనం చేసేది ఒకటే. దుకాణానికి పోయి నల్ల మందు, అంటే జింక్ ఫాస్ఫైడ్ తెచ్చి నూకల్లో కలిపి పెడతాం. మొదటి రాత్రి నాలుగు చస్తాయి. రెండో రాత్రి ఒక్కటీ ముట్టదు. మందు నకిలీదని దుకాణదారును తిడతాం. మందు అసలుదే కావచ్చు. కొత్త తిండిని కొంచెమే రుచి చూసి ఆగే గుణం పందికొక్కుది. కొంచెం తిని కడుపు నొప్పి పడ్డది మళ్లీ ఆ ఎరను ముట్టదు. అందుకే మందు కలపని నూకలు రెండు రోజులు పెట్టి అలవాటు చేసి, తర్వాతే మందు ఎర పెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బ్రోమడయోలోన్ అనే ఇంకో మందు నాలుగైదు రోజుల తర్వాత పనిచేస్తుంది కాబట్టి ఎలుక దాన్ని అనుమానించదు. రెండూ మనిషికి, పశువుకు ప్రమాదమే. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. మందు తిని తూలుతున్న ఎలుకను తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా చావవచ్చు. అంటే మన మందు మన పనివాళ్లనే చంపుతున్నది. మోతాదు, పెట్టే పద్ధతి వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి మాత్రమే చేయాలి. చేతికందిన పురుగుమందు గుళికలు అన్నంలో కలిపి గట్ల మీద చల్లడం పిల్లలున్న ఊళ్లో చేసే పని కాదు.

పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టడం ఇంకా ఘోరం. అడవి పందులకని, ఎలుకలకని పెట్టిన తీగకు తగిలి రైతులు, కూలీలు, పశువులు చచ్చిన వార్తలు ప్రతి సీజన్లో చదువుతూనే ఉన్నాం. అది నేరం. 3 వేల రూపాయల పంట కోసం పక్కింటి మనిషి ప్రాణం పోతే ఆ ఊళ్లో ఏ సంఘం మాట చెల్లుతుంది?

ఇవన్నీ ఒక్కడే చేసే పనులు కాబట్టే విఫలమవుతున్నాయి. నా రెండెకరాల్లో పందికొక్కులన్నీ చచ్చినా చుట్టూ ఇరవై ఎకరాల్లో బతికే ఉంటే నెలలోపు నా గట్లు మళ్లీ నిండుతాయి. పట్టాదారు పాసు పుస్తకంలో సర్వే నంబరు మనకు రాసి ఉంది, పందికొక్కుకు రాసి లేదు.

కలిసి చేస్తే ఎట్లా ఉంటుంది?

పెద్ద యంత్రాలు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. కావలసింది తేదీ. పందికొక్కులు అన్నిటికన్నా తక్కువగా ఉండే రోజులు పొలం ఖాళీగా ఉన్నప్పుడు, నాట్లకు ముందు. అప్పుడు ఒక్క ఆడదాన్ని పట్టడం పంట ముదిరాక ఇరవై పట్టడంతో సమానం. కానీ మనం ఎప్పుడు మేల్కొంటున్నాం? కంకులు తెగి పడ్డాక. అప్పటికి అది ఈని, పిల్లలు తిరుగుతున్నాయి.

ఒక ఊరు ఇట్లా చేయవచ్చు. నాట్లకు రెండు మూడు వారాల ముందు ఒక ఆదివారం పెట్టుకోవాలి. ముందు రోజు సాయంత్రం అందరూ తమ గట్ల మీద నోళ్లు మూయాలి. తెల్లారి తెరుచుకున్న వాటిని తవ్వి పట్టాలి, లేదా పొగ పెట్టాలి. కుండలో గడ్డి, పిడకలు వేసి ఒక నోటి నుంచి పొగ ఊదుతూ మిగతా నోళ్ల దగ్గర కర్రలతో కాచుకునే పద్ధతి మన పెద్దలదే. కృష్ణా, గుంటూరు, నెల్లూరు డెల్టా ఊళ్లలో యానాదులు తరతరాలుగా ఈ పనిలో ఆరితేరినవాళ్లు. ఏ గట్టులో ఎన్ని ఉన్నాయో మన్ను చూసి చెప్పగలరు. ఆ నైపుణ్యానికి గౌరవమూ, న్యాయమైన కూలీ ఇచ్చి పిలిపించుకుంటే విషం అవసరం చాలావరకు తగ్గుతుంది. తవ్విన కలుగులను పూడ్చి, గట్టును గట్టిగా తొక్కించాలి.

గట్లు సన్నం చేయడం రెండో పని. అడుగు ఎత్తు, అడుగు వెడల్పు దాటిన గట్టులోనే పందికొక్కు సుఖంగా ఇల్లు కడుతుంది. సన్నని గట్టులో గదికి, గాదెకు చోటు చాలదు. గట్టు మీద గడ్డి ఎప్పటికప్పుడు చెక్కితే దానికి చాటు దొరకదు. మూడోది, నాట్లు పదిహేను రోజుల లోపల అందరూ ముగించేటట్టు బోర్ల రైతులంతా మాట్లాడుకోవడం. నీటి వసతిని బట్టి కొందరికి కష్టమే. కానీ ఊళ్లో సగం మంది పాటించినా పండుగ మూడు నెలల నుంచి నెలన్నరకు తగ్గుతుంది. నాలుగోది, ఎకరాకు నాలుగైదు పక్షి స్థావరాలు, అంటే అడ్డకర్ర కట్టిన గుంజలు పాతడం. రాత్రి గుడ్లగూబ, పగలు గద్ద వాటి మీద కూర్చుని వేటాడతాయి. ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

ఇండోనేసియా, వియత్నాం రైతులు ఇంకో పద్ధతి చేసి చూశారు. ఊరందరికన్నా రెండు మూడు వారాల ముందు ఒక చిన్న మడి నాటుతారు. దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టి, అడుగున అక్కడక్కడ రంధ్రాలు పెట్టి, ఒక్కో రంధ్రం వెనక బోను పెడతారు. ముందుగా పొట్టకొచ్చే ఆ మడి కోసం చుట్టుపక్కల ఎలుకలన్నీ వచ్చి బోన్లలో పడతాయి. 10 నుంచి 15 హెక్టార్ల పొలాన్ని అట్లాంటి ఒక మడి కాపాడగలదని తేలింది. ఆ మడి ఒకరి పొలంలో ఉన్నా ఖర్చు అందరూ పంచుకుంటారు. అక్కడి ఎలుక జాతి వేరు. మన పందికొక్కు మీద ఎంతవరకు పనిచేస్తుందో మన గట్ల మీదే చేసి చూపించాల్సిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయంతో పాటు జాతీయ సస్య ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఉంది. మన పటాన్‌చెరులోనే 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. కొల్లూరు గట్టు వాటికి గంట ప్రయాణంలో ఉంది. శాస్త్రం ఇంత దగ్గర ఉండి కూడా గట్టు మీదికి రాకపోవడమే మన ఫిర్యాదు.

సర్కారు బాధ్యత ఏమిటి?

ఎలుకల సంగతి రైతు సొంత గొడవ అని పాలకులు అనుకుంటే పాత పుస్తకాలు తెరవాలి. కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రజలకు వచ్చే ఎనిమిది పెద్ద విపత్తుల్లో అగ్ని, వరద, రోగం, కరువుతో పాటు ఎలుకలను కూడా చేర్చింది. పిల్లులను, ముంగిసలను వదలాలని, వాటిని చంపినవాళ్లకు జరిమానా వేయాలని, ఎలుకల నివారణకు ప్రత్యేకంగా పన్ను వేయవచ్చని చెప్పింది. రెండు వేల ఏండ్ల కిందటి రాజనీతికే అది రాజ్యం పని అని తెలుసు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో మిజోరం చెబుతుంది. అక్కడ దాదాపు 48 ఏండ్లకు ఒకసారి వెదురు పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనంతగా పెరిగి, గింజలు అయిపోగానే పొలాల మీద పడతాయి. 1958లో ఆ ముప్పు ముందే గ్రహించిన మిజో జిల్లా మండలి 15 లక్షల రూపాయలు కావాలని అప్పటి అస్సాం ప్రభుత్వాన్ని అడిగింది. ఎలుకల కోసం డబ్బులా అని తోసిపుచ్చారు. 1959లో కరువు వచ్చింది. కరువు సాయం కోసం పుట్టిన సంఘమే మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966లో మొదలైన సాయుధ తిరుగుబాటు 1986 ఒప్పందం దాకా సాగింది. ఎలుకల మాట నవ్వులాటగా తీసుకున్నందుకు ఒక రాష్ట్రం రెండు దశాబ్దాలు నెత్తురోడింది.

పద్ధతిగా చేస్తే ఎట్లా ఉంటుందో జర్మనీలోని బవేరియా చూపిస్తుంది. వేటకు బలై అక్కడ అంతరించిన బీవర్లను 1966 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. అవి కట్టిన కట్టలతో పొలాలు మునిగితే, చెట్లు కొరికితే రైతును గాలికి వదలలేదు. ఏ జిల్లాలో ఎవరిని పిలవాలో చెప్పే సలహాదారులు ఉన్నారు. నష్టం చూసి పరిహారం ఇవ్వడానికి ప్రభుత్వం నిధి పెట్టింది. జంతువు మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టి, దాని వల్ల నష్టపోయిన రైతు భారం సమాజం పంచుకోవాలన్న సూత్రం ఒప్పుకున్నారు. మనం అడుగుతున్నది ఆ సూత్రమే.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి.

ఒకటి, వానకాలం, యాసంగి రెండు సీజన్లలో నాట్లకు ముందు వ్యవసాయ శాఖ మండలమంతా ఒకే వారంలో సామూహిక ఎలుకల నివారణ జరపాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ప్రతి వేదికలో పొగ యంత్రాలు, బోన్లు ఉంచి సంఘాలకు ఉచితంగా ఇవ్వాలి.

రెండు, ఖాళీ స్థలాలకు మున్సిపాలిటీలు పన్ను వసూలు చేస్తున్నాయి. పొలాలకు ఆనుకుని ఉన్న ఖాళీ జాగాల్లో కంప కొట్టించడం, కలుగులు పూడ్చడం యజమాని విధి అని ఆదేశించాలి. చేయకపోతే ఆ పన్ను డబ్బుతోనే చేయించి ఖర్చు యజమాని నుంచి రాబట్టాలి.

మూడు, పంట నష్టం అంచనాలో ఎలుక నష్టానికి ఒక గడి పెట్టాలి. రాయని నష్టానికి పరిహారం అడగలేం. రాయడం మొదలైతేనే అది ఎంతో లోకానికి తెలుస్తుంది.

నాలుగు, ఏ సాయం వచ్చినా సాగు చేసేవాడికి రావాలి. 2011 నాటి చట్టం కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వమంటున్నది. ఆ కార్డు లేక కొల్లూరు లాంటి చోట్ల భూమి ఒకరిది, నష్టం ఒకరిది అవుతున్నది.

‘ఇంకో అయిదేండ్లలో ఇక్కడ పొలాలే ఉండవు, దీని కోసం ఇంత గొడవెందుకు’ అనేవాళ్లున్నారు. పొలం అమ్ముకోవాలా వద్దా అన్నది రైతు తేల్చుకోవాలి. పందికొక్కులతో వేగలేక, రెండు పంటలు వరుసగా పోయి, విసిగి అమ్ముకోవడం వేరు. అది నిర్ణయం కాదు, వెళ్లగొట్టడం. పడావు పెట్టిన జాగా పక్క పొలాన్ని కూడా పడావు చేస్తుంటే దాన్ని చూస్తూ ఊరుకోవడం సంఘం పని కాదు.

మన చేతిలో ఉన్న పని వచ్చే నెల గ్రామ శాఖ సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు. తీర్మానంలో రాయాల్సినవి మూడే. నోళ్లు మూసే సాయంత్రం తేదీ, తవ్వే ఆదివారం తేదీ, ఊరి చుట్టూ ఉన్న పడావు జాగాల సర్వే నంబర్లు. మొదటి రెండూ మన కోసం. మూడోది తహసీల్దార్‌కూ, మున్సిపల్ కమిషనర్‌కూ ఇచ్చి రసీదు తీసుకోవడానికి. ఆ ఆదివారం ఎన్ని పట్టుకున్నారో, ఎన్ని కలుగులు పూడ్చారో రాసి పంపితే ఈ పత్రికలో అచ్చు వేద్దాం. కోతలప్పుడు మడి నడుమ ఖాళీలు ఎంత తగ్గాయో కూడా రాయండి. ఆ లెక్క చేతిలో ఉంటే అధికారి బల్ల ముందు నిలబడి అడిగేటప్పుడు మన మాటకు బలం ఉంటుంది.